అంచు గడ్డి

జనవరి ఎనిమిదో తేదీ నుంచి హెల్లెవి రోజులు లెక్కపెడుతూ వచ్చింది. మార్చి తొమ్మిదికి అరవై నిండాయి. సరస్సు ఒడ్డున ఉన్న ఆ తొమ్మిది గుంటల గోల్ఫ్ మైదానంలో ఇరవై మూడేళ్లుగా గడ్డిని సాకుతున్న మనిషికి ఆ అంకె ఏం చెబుతోందో మరొకరు విడమర్చనక్కర్లేదు. మంచు పడితే గడ్డికి భయం లేదు, మంచు దుప్పటి. భయమల్లా ఐసుతోనే. అది దుప్పటి కాదు, సీసాకు బిగించిన బిరడా. దాని కింద గడ్డి వెంటనే చావదు, నిద్రా పోదు. మిగిలిన కాస్త గాలిని పీలుస్తూ, తాను వదిలిన చెడుగాలినే తిరిగి పీలుస్తూ రోజులు నెట్టుకొస్తుంది. నలభై అయిదు రోజులు నెట్టుకొస్తే గట్టిదే. అరవై అంటే అదృష్టం. ఆ పైన అదృష్టమన్న మాటకు హెల్లెవి ఏనాడూ విలువ ఇవ్వలేదు.

ఈ ఐసు దానంతట అది వచ్చింది కాదు. డిసెంబరులో మోకాలి లోతు మంచు కురిసింది. దాన్ని దాని మానాన వదిలేసి ఉంటే, జనవరి ఆరో తేదీన, మూడు రాజుల పండుగ పూట మొదలై రెండు రోజులు పట్టి కురిసిన వానను అది దూదిలా పీల్చుకునేది. కాని అప్పటికే మైదానం చుట్టూ స్కీ దారి వేశారు. బంతి చివరకు దొర్లి గుంటలో పడే చోటును, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించిన గుండ్రటి గడ్డి మడిని, గ్రీను అంటారు. గ్రీన్లు చదునుగా ఉంటాయి. చదునుగా ఉన్నచోట స్కీ హాయిగా సాగుతుంది. కాబట్టి దారిని తొమ్మిది గ్రీన్ల నడిమధ్య నుంచీ వేయాలని క్లబ్బు అధ్యక్షుడు ఇల్పో తీర్మానించాడు. ఇల్పో ఊళ్లో పళ్ల డాక్టరు, ఏటా అరవై కిలోమీటర్ల స్కీ పందెంలో పాల్గొనే మనిషి, గడ్డి గురించి ఏమీ తెలియకపోవడాన్ని ఒక లోపంగా ఎన్నడూ భావించనివాడు. దారి వేసే యంత్రం వారానికి మూడుసార్లు తిరిగి మంచును పలకలా నొక్కింది. వాన నీటికి ఇంకే దారి లేకపోయింది. ఎనిమిదో తేదీన చలి సున్నాకు దిగువన ఇరవై ఎనిమిదికి పడిపోయింది. తెల్లారేసరికి తొమ్మిది గ్రీన్లూ తొమ్మిది గాజు పళ్లేలు.

ఐసు పగలగొట్టడానికి అనుమతి కోరుతూ హెల్లెవి జనవరి పన్నెండున ఉత్తరం రాసింది. బడుల స్కీ సెలవులు ముగిశాక చూద్దామని జవాబు వచ్చింది. స్కీ సెలవులు మార్చి మొదటి వారంలో. ఆమె వేచి ఉంది. తనలో తాను అనుకునేటప్పుడు కూడా 'వేచి ఉన్నాను' అనే అనుకుంది తప్ప 'ఊరుకున్నాను' అనుకోలేదు. ఆ రెండింటికీ తేడా గడ్డికి తెలియదు.

మార్చి తొమ్మిదిన నమూనాలు తీయడానికి ఆమె కౌకోను వెంటబెట్టుకుని మొదటి గ్రీను మీదికి వెళ్లింది. కౌకో ముప్పై ఏళ్లు అడవిలో చెట్లు కొట్టే యంత్రం నడిపి, అరవై దాటాక ఇక్కడ చేరిన మెకానిక్కు. డ్రిల్లుకు రంపపు పళ్ల గొట్టం బిగించి నడిమధ్యన దింపాడు. ఐసు పదమూడు సెంటీమీటర్లు ఉంది. అరగంట గడిచినా గొట్టం అడుగుకు చేరలేదు.

"ఇది ఐసు కాదు హెల్లెవీ, మా అత్తగారి మనసు," అన్నాడు కౌకో చెమట తుడుచుకుంటూ.

"మీ అత్తగారు పోయి పదేళ్లయింది కదా."

"పోయినా కరగలేదు."

చివరకు పిడికెడు మట్టి, దాని మీద గడ్డి ముక్క బయటికి వచ్చాయి. గొట్టం ముట్టుకుంటే కాలుతోంది; రంపపు పళ్లు అరిగి నున్నబడ్డాయి. ఇంకా ఎనిమిది గ్రీన్లు మిగిలి ఉన్నాయి. మరో గొట్టం తెప్పించాలంటే వారం పడుతుంది. సర్వసభ్య సమావేశం పదకొండు రోజుల్లో ఉంది. తీసిన గడ్డి కిటికీలో చిగురించాలంటే పది రోజులు కావాలి.

"మిగతావి అంచున తీద్దాం," అంది హెల్లెవి. "అక్కడ ఐసు పల్చగా ఉంది."

కౌకో డ్రిల్లు కింద పెట్టాడు. "అంచు గడ్డి వేరే జాతి కదా. అది గాడిద. దాన్ని చంపాలంటే తుపాకీ కావాలి. పైగా స్కీ దారి అక్కడ తొక్కలేదు."

"తెలుసు."

"తెలిస్తే సరే. నాకు జీతం ఇచ్చేది తవ్వినందుకు, ఆలోచించినందుకు కాదు."

ఎనిమిది నమూనాలూ అంచున తీశారు. గంటన్నరలో పని అయిపోయింది. ఆ పని అంత తేలిగ్గా అయిపోవడమే ఆమెను హెచ్చరించవలసింది.

షెడ్డులో దక్షిణం వైపు కిటికీ ఉంది. పైభాగం కోసేసిన తొమ్మిది పాల అట్టపెట్టెల్లో తొమ్మిది గడ్డి ముక్కలను ఆమె వరసగా పేర్చింది. ప్రతి పెట్టె మీదా అంకె రాసింది. ఏటా చేసే పనే. చలికాలం బయట ఏం చేసిందో కిటికీ ముందుగా చెబుతుంది. నాలుగో రోజున రెండో పెట్టెలో సూది మొనంత పచ్చదనం కనిపించింది. ఆరో రోజుకు అయిదింటిలో. పదో రోజుకు ఎనిమిదీ చిగురించాయి. మొదటి పెట్టెలోది మాత్రం ఎండు గడ్డిలా పసుపు పచ్చగా అలాగే ఉంది. అది ఒక్కటే నడిమధ్యన తీసినది.

హెల్లెవి నోటుపుస్తకంలో రాసుకుంది: ఒకటో నమూనా, డ్రిల్లు వేడికి దెబ్బతిన్నది. అది అసాధ్యమైన కారణం కాదు. అసాధ్యం కాని కారణాన్ని నిజమని చలామణి చేయడం, చదువుకున్నవాళ్లు ఆడే అబద్ధాల్లోకెల్లా శ్రేష్ఠమైనది. ఎవరూ పట్టుకోలేరు, ఆడినవాళ్లతో సహా.

ఆ ఏడాది సమావేశం మామూలు సమావేశం కాదు. సౌర ఫలకాల కంపెనీ ఒకటి మైదానం మొత్తాన్ని ముప్పై ఏళ్ల కౌలుకు అడుగుతోంది. సభ్యులు తగ్గిపోతున్నారు, ఉన్నవాళ్లకు వయసు మీద పడుతోంది. చచ్చిన గ్రీన్లతో మరో వేసవి గడపడంకంటే ఇచ్చేయడమే మేలని సగంమంది అనుకుంటున్నారు. గ్రీన్లు బతికి ఉంటే మాత్రం ఇవ్వబోమని మిగతా సగం. అంటే నిర్ణయం సభ్యుల చేతుల్లో లేదు. కిటికీలో ఉన్న తొమ్మిది పాల పెట్టెల్లో ఉంది. హెల్లెవి ఏడో పెట్టెను చేత్తో పట్టుకుని క్లబ్బు హాలులోకి వచ్చింది.

ముందు వరసలో సిర్క్కా కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ల రిటైరైన మంత్రసాని. మంచు కరిగిన నాటి నుంచి మళ్లీ కురిసేదాకా రోజూ పొద్దున్నే ఒంటరిగా తొమ్మిది గుంటలూ ఆడి కాఫీకి ఇల్లు చేరే మనిషి.

"ఏమే పిల్లా, ఇది నిజంగా బయటిదేనా? మీ వంటింటి కిటికీలో పెంచిన ఉల్లికాడ కాదు గదా?"

"ఏడో గ్రీనుది సిర్క్కా. ముట్టుకుని చూడు."

సిర్క్కా కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. చూపుడువేలు గడ్డి మీద అటూ ఇటూ నడిపింది. మొదలు దగ్గర మెల్లగా నొక్కింది. వేలాది పసికందులను పట్టుకున్న వేళ్లవి.

"బతికే ఉంది," అంది వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా. "నాకు తెలుస్తుంది. ఇది గట్టిగా ఏడ్చే రకం."

హాలంతా నవ్వింది. ఎవరో వెనక నుంచి అడిగారు: "అన్నీ బతికాయా?"

"తొమ్మిదింట ఎనిమిది," అంది హెల్లెవి.

గ్రీనులో ఏ భాగం నుంచి తీశావని ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు ఆ గదిలో ఇద్దరే ఉన్నారు. ఒకరు కాఫీ పోస్తున్న కౌకో, రెండోవారు పాల పెట్టె పట్టుకుని నిలబడ్డ హెల్లెవి. అరవై ఒకటికి ముప్పై ఎనిమిది వోట్లతో మైదానాన్ని ఇవ్వకూడదని తీర్మానం నెగ్గింది. కంపెనీ మాత్రం తన ప్రతిపాదనను మే నెలాఖరు దాకా తెరిచే ఉంచుతానని మర్యాదగా ఉత్తరం పంపింది.

ఏప్రిల్ మొదటి వారంలో హెల్లెవీ కౌకో ఐసు మీద నల్ల ఇసుక చల్లారు. నలుపు ఎండను లాక్కుంటుంది, ఐసు చిల్లులు పడుతుంది. పదిహేడో తేదీకి ఆఖరి పలక కరిగింది. కరిగిన నీటిని రబ్బరు పారలతో తోసేసి చూస్తే గ్రీన్లు పచ్చగా ఉన్నాయి. నడుమా అంచూ తేడా లేకుండా, ఒకటే పచ్చగా. కౌకో టోపీ గాల్లోకి విసిరాడు. అది నీటిగుంటలో పడింది.

"చూశావా! అనవసరంగా రెండు నెలలు మొహం వేలాడేశావు."

హెల్లెవి గాలిని పీల్చి చూసింది. గాలి సరస్సు వైపు నుంచి మళ్లినప్పుడల్లా ఒక వాసన తగులుతోంది. పాతర వేసి మరిచిపోయిన పశుగ్రాసం పులిసినట్టు, తీయగా, రోతగా. ఆ వాసన ఆమెకు తెలుసు. ఐసు కింద చచ్చిన గడ్డి పచ్చగానే ఉంటుందని, చచ్చిన సంగతి ఎండ తగిలాకగాని దానికి తెలియదని కూడా తెలుసు. మోకాళ్ల మీద కూర్చుని ఒక మొక్కను పెకిలించి మొదలును నిలువునా చీరితే చాలు. బతికి ఉంటే బియ్యపు గింజలా తెల్లగా గట్టిగా ఉంటుంది. జేబులో కత్తి ఉంది. ఆ రోజు ఆమె కత్తి తీయలేదు.

నాలుగు రోజులు ఎండ కాసింది. ఏడాదంతా కాయకపోయినా ఆ నాలుగు రోజులూ కాసింది. అయిదో రోజు పొద్దున గ్రీన్ల నడుమ భాగం గోధుమ రంగుకు తిరిగింది, చుట్టూ మూరెడు వెడల్పున అంచు మాత్రం నవనవలాడుతోంది. హెల్లెవి కత్తి తీసి చీరింది. మొదలు గోధుమ రంగులో ఉంది. వేళ్ల మధ్య నలిపితే జారిపోయింది. రెండో గ్రీను, మూడోది, నాలుగోది. తొమ్మిదింటా చీరింది, ఒక్కోదానిలో పదేసి చోట్ల. తొంభై మొక్కల్లో తెల్లనివి నాలుగు.

"అచ్చం నా నెత్తిలా ఉంది," అన్నాడు కౌకో టోపీ తీసి. చుట్టూ వెంట్రుకలు, నడుమ నున్నగా. తను వేసిన జోకుకు తనే నవ్వలేదు.

ఆ సాయంత్రం ఇల్పో వచ్చాడు. తెల్లటి బూట్లు తడవకుండా దారి మీదే నిలబడ్డాడు.

"విన్నాను. పాపం, చలికాలం చంపేసింది."

"చలికాలం కాదు ఇల్పో. స్కీ దారి."

"ఈ చుట్టుపక్కలంతా ఇదే కథ. ఎవరి తప్పూ కాదు. సభ్యులకు అలాగే రాద్దాం. ప్రకృతి ముందు మనమెంత?"

"పక్క ఊరి మైదానం పచ్చగా ఉంది. వాళ్లకూ ఇదే వాన, ఇదే చలి. వాళ్లు దారిని గ్రీన్ల పక్క నుంచి వేశారు."

ఇల్పో ఆమె వంక చూశాడు. నోరు తెరిచి కూర్చున్న రోగికి 'కొంచెం నొప్పిగా ఉంటుంది' అని చెప్పే గొంతుతో మాట్లాడాడు. "నువ్వు పక్క ఊరి సంగతి ఎత్తితే, నేను పాల పెట్టెల సంగతి ఎత్తాల్సి వస్తుంది. ఎక్కడ తవ్వారో కౌకో చెప్పాడు. వాణ్ని తిట్టకు. సౌనాలో, ఆ వేడి ఆవిరి గదిలో కూర్చున్నాక కడుపులో మాట ఎవడికి ఆగుతుంది?"

హెల్లెవి చేతికంటిన మట్టిని ప్యాంటుకు తుడుచుకుంది.

"నాకు నీ మీద కోపం లేదు," అన్నాడతను. "నిజంగా లేదు. నా దారి గురించి నువ్వు అనకు, నీ అంచు గురించి నేనూ అనను. చలికాలాన్ని తిడదాం. అది వచ్చి మనల్ని ఏమీ అడగదు."

ఆ మాట ఎంతో నాగరికంగా ఉంది. తొమ్మిది గ్రీన్లు చచ్చిపడి ఉన్నాయి, ఇద్దరు మనుషులు కర్ర విరగకుండా ఎలాగని మాట్లాడుకుంటున్నారు. అంతకంటే ఆమెను కలచివేసినది మరొకటి: ఒప్పుకుంటే తప్పేమిటన్న ప్రశ్న ఆమెలోనూ ఒక క్షణం తలెత్తింది. ఆ క్షణాన్ని ఆమె తరవాత క్షమించుకోలేదు.

"నాకు నడివేసవి పండుగ దాకా గడువు కావాలి," అంది. "రేపే విత్తనం వేస్తాను. ఎనిమిది వారాలు ఎవరూ గ్రీన్ల మీద అడుగు పెట్టకూడదు. వప్పు పండుగకు తెరవడం కుదరదు."

"మే ఒకటిన తెరవకపోవడమా? ఈ క్లబ్బు పుట్టాక అలా జరగలేదు."

"గ్రీన్లు చావడం కూడా జరగలేదు."

"శనివారం శ్రమదానానికి అందరూ వస్తారు కదా. వాళ్లనే అడుగు," అని ఇల్పో కారు వైపు నడిచాడు. "కాని ఏం చెబుతున్నావో చూసుకుని చెప్పు."

మర్నాడు హెల్లెవీ కౌకో గ్రీన్లను సూదుల యంత్రంతో గుచ్చి, ఐసును తట్టుకునే సన్నగడ్డి విత్తనం చల్లి, ఇసుక పరిచి, తెల్లటి గుడ్డలు కప్పి అంచుల్లో మేకులు దింపారు. విత్తనం మొలవాలంటే మట్టి పది డిగ్రీలకు రావాలి. హెల్లెవి థర్మామీటరు గుచ్చి చూసింది. నాలుగు. మర్నాడూ నాలుగే. ఆ మర్నాడు మంచు తుంపర పడి మూడు.

"కాస్త నువ్వే వేడి గాలి ఊదకూడదూ?" అన్నాడు కౌకో. ఆ తరవాత గొంతు తగ్గించి, "నేను చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు.

"చెప్పకుండా ఉండాల్సింది నువ్వు కాదు. చెప్పాల్సింది నేను."

శనివారం నలభై మంది వచ్చారు, ఎవరి పార వాళ్లు పట్టుకుని, ఎవరి రబ్బరు బూట్లు వాళ్లు వేసుకుని. ఏటా ఏప్రిల్ చివరి శనివారం అలాగే వస్తారు. ఆకులు పోగుచేసి, విరిగిన కొమ్మలు ఏరి, మధ్యాహ్నం బఠాణీల సూపు తాగి వెళతారు. ఎవరూ పిలవరు, ఎవరూ మానరు. గ్రీన్ల మీద తెల్లటి గుడ్డలు చూసి గుసగుసలు మొదలయ్యాయి. హెల్లెవి క్లబ్బు మెట్ల మీద నిలబడింది. కాగితం లేదు. చెప్పవలసినవన్నీ జరిగిన వరసలో చెప్పింది. డిసెంబరులో దారి ఎక్కడ వేశారో, జనవరిలో వాన ఎందుకు ఇంకలేదో, తాను ఏ తేదీన ఉత్తరం రాసిందో, ఏ జవాబు వచ్చిందో, జవాబు వచ్చాక తాను ఏమీ చేయకుండా ఎన్ని రోజులు కూర్చుందో. ఇల్పో చేతులు కట్టుకుని చెట్ల వైపు చూస్తున్నాడు. అక్కడితో ఆపి ఉంటే ఆ నలభై మందీ ఆమె వైపే ఉండేవారు. ఆమెకు అది కనిపిస్తూనే ఉంది.

"ఇంకొకటి ఉంది," అంది. "సమావేశానికి నేను తెచ్చిన నమూనా అంచున తీసింది. ఎనిమిదీ అంచున తీసినవే. నడుమ తీసింది ఒక్కటే, అది మొలవలేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు."

 దూరంగా సరస్సులో మిగిలిన ఐసు గాలికి కదిలి గలగలమంటోంది.

"ఇప్పుడు విత్తనం వేశాం. గడ్డి వస్తుంది. నాకు నడివేసవి దాకా టైమివ్వండి. అంతే అడుగుతున్నాను."

నిజం అంతా చెప్పినవాళ్లకు ఏదో ఒకటి అడిగే హక్కు వస్తుందని హెల్లెవి నమ్మింది. అరవై ఒక్క ఏళ్ల వయసులో, అన్ని పుస్తకాలు చదివి, ఆ నమ్మకం ఇంకా మిగిలి ఉండడం వింతే.

సిర్క్కా సూపు గిన్నె దగ్గర నిలబడి ఉంది. గరిటె కింద పెట్టింది.

"నా చేత ముట్టించావు," అంది.

"సిర్క్కా..."

"వేలు పెట్టి చూసి బతికే ఉందన్నాను. అందరికీ వినపడేలా అరిచి చెప్పాను. నలభై ఏళ్లలో నేను ఏ తల్లికీ అలా తప్పు చెప్పలేదే." ఆమె గొంతు పెరగలేదు. "మంచు కప్పెట్టింది, సరే. ఇల్పో ఎప్పుడూ తిక్కవాడే, సరే. నువ్వు మాత్రం నా వేళ్లను వాడుకున్నావు."

ఆమె మళ్లీ గరిటె అందుకుని గిన్నెల్లో సూపు పోయడం మొదలుపెట్టింది. హెల్లెవికీ ఒక గిన్నె నింపి చేతికిచ్చింది, ముఖం చూడకుండా. ఎవరూ గొడవపడలేదు. ఎవరూ ఒక్క మాటా తూలలేదు. ఆకులు పోగుచేశారు, కొమ్మలు ఏరారు, పారలు కడుక్కుని కార్లలో పెట్టుకుని వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేదని హెల్లెవికి అనిపించింది. తిట్టిన మనిషి మళ్లీ వస్తాడు.

సోమవారానికల్లా, కంపెనీ ప్రతిపాదనపై మళ్లీ వోటు పెట్టడానికి ప్రత్యేక సమావేశం కోరుతూ ఇరవై ఆరుగురి సంతకాలు వచ్చాయి. మే పదహారున తేదీ పెట్టారు. వప్పు పండుగ నాడు ఇల్పో మైదానం తెరిచాడు. గ్రీన్ల ముందు మామూలు గడ్డిలో గుంటలు తవ్వి జెండాలు పాతారు. ఆ పండుగ ఆనవాయితీ ప్రకారం తెల్ల టోపీలు పెట్టుకుని, నిమ్మ పానకం తాగుతూ పదిమంది ఆడారు. సిర్క్కా రాలేదు. ఆ వసంతంలో ఆమె ఒక్క రోజూ రాలేదు.

హెల్లెవి రోజుకు రెండుసార్లు మట్టి వేడి చూస్తూనే ఉంది. అయిదు. ఆరు. మళ్లీ అయిదు. మే పదిన తొమ్మిది. పదమూడో తేదీ పొద్దున మూడో గ్రీను మీద గుడ్డ ఒక మూల ఎత్తి, చెంప నేలకు ఆనించి పక్కనుంచి చూసింది. ఇసుక మీద ఆకుపచ్చటి పొగలాంటిది. నిలబడి చూస్తే కనిపించదు. నేలకు చెంప ఆనిస్తేనే కనిపిస్తుంది. ఈసారి ఆమె నడిమధ్యకు పాకి, అక్కడా గుడ్డ ఎత్తి చూసింది. అక్కడా ఉంది. కత్తి అక్కర్లేదు. బతికే ఉంది.

పదహారున హాలు నిండింది. ఇల్పో సభను చక్కగా నడిపాడు. స్కీ దారి విషయంలో కమిటీ 'తగిన పాఠం నేర్చుకుంది' అన్నాడు, ఎవరు నేర్చుకున్నారో చెప్పలేదు. హెల్లెవి లేచి నిలబడింది.

"మూడో గ్రీను మొలిచింది. ఆరూ ఏడూ రేపో ఎల్లుండో మొలుస్తాయి. ఇంకో అయిదు వారాలు..."

"నడుమ చూశావా, అంచున చూశావా?" అన్నారెవరో వెనక నుంచి.

హాలంతా నవ్వింది. పెద్దగా కాదు, దుర్మార్గంగానూ కాదు, పొడిగా, అలసటగా. ఆ నవ్వులో వోటు అయిపోయింది. తరవాత చేతులెత్తి లెక్కపెట్టడం లాంఛనం. మైదానం ఇవ్వాలని డెబ్బై రెండు, వద్దని పంతొమ్మిది. ఇవ్వాలనే వాటిలో ఒక చెయ్యి సిర్క్కాది. ఆ చెయ్యి తక్కిన వాటికంటే ముందు లేచింది, తక్కిన వాటికంటే ఆలస్యంగా దిగింది.

బయటికి వచ్చాక కౌకో అన్నాడు: "రా, మా ఇంట్లో సౌనా కాచాను."

"వద్దులే. గుడ్డలు తీయాలి. మధ్యాహ్నం ఎండకు కింద ఉడికిపోతాయి."

"ఇంకా ఎందుకు?"

హెల్లెవి గ్రీన్ల వైపు నడిచింది. గుడ్డలు తీసింది. మర్నాడు నీళ్లు పెట్టింది. జూన్ చివరి దాకా ఆమెకు ఉద్యోగం ఉంది, అందులో రాసి ఉన్న పని గడ్డిని చూసుకోవడమే. జూన్ మొదటి వారానికి తొమ్మిది గ్రీన్లూ మొలిచాయి. ఇరవై మూడేళ్లలో అంత సమంగా, అంత దట్టంగా వచ్చిన మొలక ఆమె చూడలేదు. పాత గడ్డిలో సగం కలుపు. ఇది ఒకే జాతి, ఒకే ఎత్తు, ఐసును తొంభై రోజులు ఓర్చుకునేది. మొదటి కోత కోయాల్సిన ఎత్తుకు వచ్చింది. కోత యంత్రాన్ని అప్పటికే పక్క ఊరి క్లబ్బు వాళ్లు కొని తీసుకెళ్లారు.

జూన్ తొమ్మిదిన కంపెనీ తరఫున కొలతలవాడు వచ్చాడు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో, మర్యాదస్తుడు. మూడు కాళ్ల కొలత పరికరం భుజాన వేసుకుని, ఎరుపు రంగు పూసిన చెక్క మేకులు ఒక బుట్టలో పట్టుకుని ఉన్నాడు. ఆమెను 'మీరు' అన్నాడు. ఆ మైదానంలో ఆమెను ఎవరూ అలా పిలిచింది లేదు.

"మీకు ఈ నేల బాగా తెలుసని చెప్పారు."

"తెలుసు."

అతను మూడో గ్రీను మీదికి నడిచాడు. కింద చూడలేదు, పరికరంలోంచి అవతలి కొండ మీది గుర్తును చూస్తున్నాడు. బూటు పడిన చోటల్లా లేత గడ్డి పడుకుంది, లేవలేదు. ఒక మేకు తీసి నేలకు ఆనించి సుత్తి ఎత్తాడు.

"అక్కడ కాదు," అంది హెల్లెవి.

సుత్తి గాల్లో ఆగింది.

"దాని కింద నీళ్ల గొట్టం ఉంది. నలభై సెంటీమీటర్ల లోతున. అరమీటరు ఎడమకు జరపండి."

"ఓ. చాలా థాంక్సండి." అతను మేకును అరమీటరు ఎడమకు, ఇంకా దట్టంగా మొలిచిన చోటుకు జరిపి మూడు దెబ్బల్లో దింపాడు. ఎర్రటి మొన మాత్రం పైకి కనిపిస్తోంది. జేబులోంచి ఒక నకలు కాగితం తీశాడు. "ఈ గొట్టాలేవీ మా పటంలో లేవు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ప్రతి గ్రీను కిందా ఉన్నాయి. నేనే వేయించాను."

"మీకు ఇబ్బంది లేకపోతే కొంచెం చూపిస్తారా? లేకపోతే మావాళ్లు యంత్రంతో తవ్వేటప్పుడు అన్నీ పగలగొట్టేస్తారు."

హెల్లెవి అతని చేతిలోంచి పెన్సిలు తీసుకుంది. ఒక్కో గొట్టం ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎంత లోతున పోతుందో కాగితం మీద గీసింది. ఆ తరవాత అతని ముందు నడిచింది, నాలుగో గ్రీనుకు, అయిదోదానికి, సరస్సు పక్కనున్న ఆరోదానికి. అతను మేకు ఆనించిన చోటల్లా వంగి చూసి, అవునని గాని కాదని గాని చెప్పింది. మధ్యాహ్నం రెండు గంటలకు పని ముగిసింది. అరవై నాలుగు మేకులు దింపారు. ఒక్క గొట్టమూ పగలలేదు.